వేలు తీస్తే వెనక్కి పోయే చుక్క

నడికుప్పం,
జూలై 2.

చిరంజీవి ఇర్ఫానాకు మస్తానమ్మవ్వ దీవించి రాసేది.

ముందు అందరి క్షేమం తెలియజెయ్యి. నాయుడుపేటలో మీ అమ్మ షాహిదాబీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? మెట్లెక్కితే టకటకమంటాయన్నావు. ఆ శబ్దం తగ్గిందా, మీకే అలవాటైపోయిందా? మీ నాయన చోటే సాహెబ్ గారికి కంటి ఆపరేషను అయిందా? అయితే నెల రోజులు కుట్టుమిషను ముందు కూర్చోనివ్వొద్దు. చెల్లెలు షాహిస్తా దగ్గు పొడిదగ్గా, కఫం దగ్గా? ఆ రోజు చెప్పకుండానే ఆటో ఎక్కేసినావు, అప్పటినుంచీ నాకు అదే ఆలోచన. నెల్లూరులో నీ గదికి లోపలి గడియ సరిగా పడుతోందా? ఆ రోజు మీరు మా వేలంపాకలో ఆ కంప్యూటరు తెర బిగించేంతసేపూ నీ పక్కన కూర్చుని ఇవన్నీ అడిగి తెలుసుకున్నాను కాబట్టి ఒక్కటీ మర్చిపోలేదు.

తెర కూడా క్షేమమే. నేను మాత్రం క్షేమంగా లేను.

సంగతేమంటే, సాయంత్రం చేపల వేలం అయిపోయి అందరూ వెళ్ళినాక పాక చిమ్మేది నేనే కదా. మనిషి దగ్గరికి వస్తే ఆ తెర దానంతటదే వెలుగుతుంది. ఈ ఊళ్ళో నన్ను చూసి వెలిగేది అదొక్కటే. అందుకని రోజూ కాసేపు దాని ముందు నిలబడతాను. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒక తెల్ల చుక్క అని నువ్వే చెప్పినావు. ముట్టుకుంటే ఇంటి నంబరు చెప్పి పసుపుపచ్చగా మారి, పన్నెండు గంటలు అట్లాగే ఉంటుంది. బాగుంది. కానీ నలభై ఒకటో చుక్క నాది. ఊరంతా ఒకచోట గుంపుగా ఉంటే నాది ఒక్కటే ఎడమపక్క మూలకు పడి ఉంది, మైల పడినట్టు. ఎవరమ్మా నన్ను అక్కడ పెట్టింది? నేనేం చేసినాను?

ఇంకొకటి. నిన్న తెర కింద ఇంజను పడవ బొమ్మ ఉంటే తెలియక వత్తినాను. ఊళ్ళో ఉన్న నూట ఆరు ఇళ్ళూ పోయి తొమ్మిదే మిగిలినాయి. చీపురు అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగెత్తినాను. ఇళ్ళు ఉన్నాయి. అయినా రాత్రంతా నిద్ర లేదు. నేను చేసిన పనికి ఊరికి ఏమైనా అయితే ఎవరికి చెప్పుకోవాలి?

ఫోను ఉంది గానీ, ఫోన్లో చెప్పిన మాట మళ్ళీ చదువుకోవడానికి ఉండదు. అభిప్రాయాలు రాయండి అని మీరు పెట్టిపోయిన స్టాంపు కవర్లు ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు. అన్నీ నేనే తెచ్చుకున్నాను.

ఇట్లు,
మస్తానమ్మ.

తా.క. పెంచలకృష్ణ ఇంటి గోడను చేత్తో తట్టి కూడా చూసినాను. గట్టిగానే ఉంది. లోపలినుంచి "ఎవురది?" అన్నారు. పలకకుండా వచ్చేసినాను.


నెల్లూరు,
జూలై 7.

మస్తానమ్మ అవ్వకు నమస్కారాలు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నాన్న ఆపరేషను వచ్చే నెలలో. షాహిస్తాది పొడిదగ్గు, తగ్గిపోయింది. నా గది గడియ పడుతుంది, మీ ఉత్తరం చదివాక రెండుసార్లు వేసి చూశాను.

అవ్వా, ఊరికి ఏమీ కాలేదు, కాదు కూడా. పడవ బొమ్మ నొక్కితే ఇంజను పడవలున్న ఇళ్ళు మాత్రమే కనబడతాయి, మిగతావి కాసేపు దాక్కుంటాయి. మళ్ళీ నొక్కితే వచ్చేస్తాయి. దాచడానికీ చెరిపెయ్యడానికీ తేడా తెలిసేట్టు మేం తెరను తయారు చెయ్యలేదు. తప్పు మాది.

మీ చుక్క సంగతి. ఎడమనుంచి కుడికి పోయేకొద్దీ ఒక పొయ్యి మీద తినేవాళ్ళు ఎక్కువ. కిందనుంచి పైకి పోయేకొద్దీ నెలలో నీళ్ళమీదికి వేటకు పోయిన రోజులు ఎక్కువ. మే నెలలో మా ముఖేష్ లెక్కకు వచ్చినప్పుడు మీ పొయ్యి మీద ఒక్కరే అని, వేటకు పోయేవాళ్ళు లేరని రాసుకున్నాడు. అందుకే ఆ మూల. ఎవరూ కావాలని పెట్టలేదు.

ఇప్పుడు మీకో మంచి కబురు. తెరను ఎవరు ఎక్కడ ముట్టుకున్నా మాకు ఇక్కడ నమోదవుతుంది. ఎవరు అన్నది తెలియదు, ఎక్కడ, ఎంతసేపు అన్నది తెలుస్తుంది. నడికుప్పంలో ఎవరో రోజూ నలభై ఒకటో చుక్కను పట్టుకుని కుడిపక్కకు లాగుతున్నారు. అది మీరేనా? మా పరిశోధనలో ఇది పెద్ద విషయం. బొమ్మ చెప్పేదానితో మనిషి ఒప్పుకోనప్పుడు ఆ మాట బొమ్మకు ఎలా చెబుతాడు అన్నది ఇంకా ఎవరూ తేల్చని ప్రశ్న. మా గైడు బెన్హర్ గారు చూసి, "ఈ మనిషి లెక్కనే సవాలు చేస్తోంది!" అని కుర్చీలోంచి లేచారు. ఆయన మామూలుగా టీ వస్తేనే లేస్తారు.

ఇట్లు,
మీ ఇర్ఫానా.

తా.క. దయచేసి తెరను తడిగుడ్డతో తుడవకండి. మొన్న ఒకటో తేదీన ఎవరో అరనిమిషంలో ఊళ్ళో ఇళ్ళన్నీ మూడుసార్లు పరిశీలించారని రాసుకుని, రెండు రోజులు ఆ మేధావి ఎవరా అని ఆలోచించాను.


నడికుప్పం,
జూలై 11.

చిరంజీవి ఇర్ఫానాకు మస్తానమ్మవ్వ దీవించి రాసేది.

నీ ఉత్తరం చూసి నాకు చెమటలు పట్టినాయి. ముట్టుకున్నదంతా నమోదవుతుందని ముందే ఎందుకు చెప్పలేదు తల్లీ? నేను ఎవరినీ సవాలు చెయ్యలేదు. ఆ బెన్హర్ సారును కూర్చోమని చెప్పు. లాగింది నేనే. పోలీసులదాకా పోకముందే ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

నాకు ఆదిశేషమ్మ అని తోడికోడలు. మా మొగుళ్ళు అన్నదమ్ములు, ఇద్దరూ పోయినారు. మాకు పిల్లలు లేరు. నలభై రెండేళ్ళు ఒక పొయ్యి, ఒక చేపల గంప, ఒక చాప. ఆమె తెల్లారగట్ల గంపనెత్తుకుని దొరవారిసత్రం పోయి అమ్ముకొచ్చేది. నేను వండేదాన్ని. ఏప్రిల్లో మాకు గొడవైంది. తప్పు నా వేలుది.

నాకు దిగులెక్కువని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మా ఆయన నిద్రలోనే పోయినాడు, పక్కన పడుకున్న నాకు తెల్లవారేదాకా తెలియలేదు. అప్పటినుంచీ రాత్రి మెలకువ వస్తే ఆదిశేషమ్మ ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తగిలితేగానీ పడుకునేదాన్ని కాదు. పదకొండేళ్ళు పెట్టినాను, ఆమెకు తెలియదు. ఆ రోజు సరిగ్గా నేను వేలు పెట్టిన క్షణానికి ఆమె తుమ్మింది. లేచి చూసుకుంది.

"ఏందే అక్కా ఇది? నేనెప్పుడు పోతానా అని కాసుకోనుండావా?"

"పోతావేమో అని భయమే!"

"నీ భయంతో నేను బతికుండంగానే చచ్చేట్టుండా. బయటికి పోతే యాడికంటావు, పలక్కపోతే పోయినావా అంటావు. నిద్రలో కూడా వొదలవా నన్ను?"

ఆ పొద్దున్నే చాప చుట్టుకుని తమ్ముడి కొడుకు పెంచలకృష్ణ ఇంటికి పోయింది. నాలుగు గడపల అవతలే. పదిహేడో నంబరు చుక్క. వాళ్ళ పొయ్యి మీద ఏడుగురు. నేను ఎదురైతే గంప అటుపక్కకు తిప్పుకుంటుంది. మీ ముఖేష్ వచ్చి ఎంతమంది అనడిగితే, ఒకటి అని చెప్పడానికి నాకు చానాసేపు పట్టింది. నీళ్ళు తాగి చెప్పినాను.

అందుకని నా చుక్కను వేలితో పట్టుకుని పదిహేడో చుక్క పక్కకు తీసుకుపోతాను. వేలు పెట్టినంతసేపూ ఉంటుంది. తీస్తే ఎండ్రకాయ బొక్కలోకి పోయినట్టు సర్రున మూలకు పోతుంది. అంతే తల్లీ, ఇందులో పరిశోధన ఏమీ లేదు. కొంచెం అంటుకునేట్టు ఏదైనా చేస్తే చాలు.

ఇట్లు,
మస్తానమ్మ.

తా.క. తడిగుడ్డ మానేసినాను. ఇప్పుడు పొడిగుడ్డతో, ఇళ్ళు లేనిచోట మాత్రమే తుడుస్తున్నాను. సముద్రం వైపు అద్దంలా ఉంది. ఊరి మీద మాత్రం దుమ్ము.


నెల్లూరు,
జూలై 16.

మస్తానమ్మ అవ్వకు నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బెన్హర్ గారికి చూపించలేదు, వేలు సంగతి మీది. పోలీసుల భయం పెట్టుకోకండి.

కానీ అవ్వా, చుక్కను అంటించలేను. అది ఉన్న లెక్కను బట్టి నిలబడుతుంది. చేత్తో జరిపితే అబద్ధం అవుతుంది. జరపడానికి వీల్లేని చుక్కను, వేలితో వచ్చేట్టు ఎందుకు చేశామో నాకే సిగ్గుగా ఉంది. చేయి వేస్తే కదిలేది మార్చుకోవచ్చు అనే కదా ఎవరైనా అనుకుంటారు.

ఒకటి మాత్రం చెప్పాలి. మీ ఓపికకు మా విభాగమంతా ఆశ్చర్యపోతోంది. సాయంత్రం ఆరున్నరకు పాక చిమ్మి లాగుతున్నారు, సరే. మళ్ళీ పొద్దున ఐదు కాకముందే వచ్చి అదే చుక్కను అదే పదిహేడు పక్కకు లాగుతున్నారు. నెలలో సాయంత్రాలు ఇరవై ఆరు, పొద్దుటిపూటలు ఇరవై నాలుగు. "రోజుకు రెండు పూటలా లెక్కతో పోట్లాడే మనిషిని నా సర్వీసులో చూడలేదు" అన్నారు బెన్హర్ గారు. మీ ఫోటో పెద్దది చేసి గోడకు పెడతారట.

ఈ వయసులో అంత పొద్దున్నే చీకట్లో నడవకండి. కాలు జారితే చూసేవాళ్ళు లేరు.

ఇట్లు,
మీ ఇర్ఫానా.

తా.క. చిన్న సందేహం. పొద్దుటిపూట మీరు ఎడమచేతితో లాగుతారా? సాయంత్రం గీతకు వంపు కిందికి ఉంటే, పొద్దుటి గీతకు పైకి ఉంది. దీని మీద నేను ఇప్పటికే నాలుగు పేజీలు రాసేశాను.


నడికుప్పం,
జూలై 20.

చిరంజీవి ఇర్ఫానాకు మస్తానమ్మవ్వ దీవించి రాసేది.

ఆ నాలుగు పేజీలు చించెయ్యి తల్లీ. పొద్దున పూట నేను రావడంలేదు! ఐదింటికి నేను పొయ్యి ముందు కూర్చుని టీ కాస్తుంటాను. రెండు గ్లాసులు కాస్తాను, అలవాటు. రెండోది చల్లారినాక నేనే తాగుతాను. అప్పుడు నా చుక్కను ముట్టుకుంటున్నది ఎవరు?

ఎడమచేతి వాటం అని నువ్వు రాయగానే నాకు వెలిగింది. ఊళ్ళో ఎడమచేతి వాటం మనిషి వేలంపాట పాడే ముత్యాలయ్య ఒక్కడే. ఆయన మరదలికి ఈ చిమ్మే పని ఇప్పించాలని చూస్తున్నాడని నాకు ఎప్పటినుంచో అనుమానం. నా చుక్కను పెంచలకృష్ణ పొయ్యిలో కలిపేస్తే నలభై ఒకటో ఇల్లు లేనట్టే కదా? ఇల్లు లేని మనిషికి పని ఎందుకంటారు, చీపురు పీక్కుంటారు. ఇది ఆలోచించి ఆలోచించి, నిన్న వేలం మధ్యలో నలుగురిలో అడిగేసినాను.

"ఏం ముత్యాలయ్యా, తెల్లారగట్ల వొచ్చి నా చుక్కను లాగుతుండావంట?"

ఆయన చేతిలో రొయ్యల బుట్ట ఉంది. అట్లాగే నిలబడిపోయినాడు. "ఏం లాగుతుండానంట?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వినారు. ఆయన భార్య నవ్వలేదు. సాయంత్రంనుంచి వాళ్ళింట్లో అన్నం వండలేదని తెలిసింది. నేను చెప్పింది తెర మీది చుక్క అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చినాను గానీ, విన్నవాళ్ళు తక్కువ.

అందరూ నవ్వినప్పుడు ఆదిశేషమ్మ అక్కడే ఉంది. నవ్వకుండా గంపనెత్తుకుని వెళ్ళిపోయింది. నేను పిచ్చిదాన్ని అయిపోయినానని అనుకుని ఉంటుంది.

దొంగ అడుగులు పడతాయని రాత్రి తెర ముందు ముగ్గుపిండి చల్లి పెట్టినాను. పొద్దున చూస్తే అన్నీ మేక గిట్టలు. మనిషి అడుగు ఉన్నా కలిపి తొక్కేసింది. మేక కూడా ఎవరి పంపునో వచ్చిందని నా అనుమానం.

ఇట్లు,
మస్తానమ్మ.

తా.క. మేక మూతి తగిలినా నమోదవుతుందా? అయితే అది ఏ ఇల్లు చూసిందో కనుక్కో.


నెల్లూరు,
జూలై 26.

మస్తానమ్మ అవ్వకు నమస్కారాలు.

మేక మూతి కూడా నమోదవుతుంది. ఇరవయ్యో తేదీ ఉదయం ఎవరో ఎనిమిదో నంబరు ఇంటిని రెండు నిమిషాలపాటు గట్టిగా చూశారు. దాన్ని "లోతైన ఆసక్తి" అని రాసుకున్నాను. కొట్టేశాను.

ముత్యాలయ్య గారి సంగతికి నాకు చాలా బాధగా ఉంది. నేను అనుమానం రాయకపోతే ఇంత జరిగేది కాదు. వేలు ఎక్కడ పడిందో మాకు తెలుస్తుంది. ఎవరి వేలో తెలియదు, ఎందుకు పడిందో అసలే తెలియదు. ఆ ఎందుకు అన్నచోట మా చదువంతా ఆగిపోయి ఉంది. ఆగిపోయినచోట ఊరుకోకుండా నేను ఊహించి రాస్తున్నాను.

మాకు వేరే ఫిర్యాదులు కూడా వచ్చాయి. పసుపు రంగుకు మారిన ఇళ్ళలో కామెర్లు ఉన్నాయేమోనని కొందరు చిట్టమూరు వెళ్ళి మందు తాగొచ్చారట. అందుకని శుక్రవారం, ముప్పై ఒకటిన, ఆ పసుపు తీసేస్తున్నాం. ఇకమీదట ముట్టుకున్నా చుక్క తెల్లగానే ఉంటుంది. ఆ రంగుతో ఎవరికీ ఉపయోగం లేదని బెన్హర్ గారు తేల్చారు.

మళ్ళీ లెక్క ఆగస్టు ముప్పైన, ఆదివారం. ఆ రోజుకు నెలరోజులుగా ఎవరు ఏ పొయ్యి మీద తింటే వాళ్ళను ఆ పొయ్యిలో రాస్తారు. మీ చుక్కను కదిలించే దారి అదొక్కటే. ఆదిశేషమ్మ గారితో మీరే ముందు మాట్లాడకూడదా?

ఇట్లు,
మీ ఇర్ఫానా.

తా.క. మీరు రెండు గ్లాసులు టీ కాస్తానని రాశారు. నేను క్యారియరులో ఇద్దరికి సరిపడా తెప్పించుకుంటాను. ఒకరికి తెమ్మని చెప్పడానికి ఎందుకో నోరు రాదు. మా లెక్కలో నాదీ మూల చుక్కే అవ్వా.


నడికుప్పం,
ఆగస్టు 3.

చిరంజీవి ఇర్ఫానాకు మస్తానమ్మవ్వ దీవించి రాసేది.

దొంగ దొరికింది. కూర్చుని చదువు.

శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే పాక చిమ్మి నా చుక్కను ముట్టుకున్నాను. పసుపు రాలేదు. నీ ఉత్తరం అప్పటికి అందలేదు, శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఇంకోసారి ముట్టుకున్నాను. తెల్లగా, శవం మీద గుడ్డలా ఉంది. నా పని అయిపోయినట్టుంది, చుక్కకు ముందే తెలిసిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చి ఉతికిన చీర కట్టుకుని పడుకున్నాను, ఎత్తుకుపోయేవాళ్ళకు ఇబ్బంది లేకుండా. అన్నిటికీ సిద్ధపడినందుకేమో, తెల్లవారుజామున ఎన్నడూ లేనంత గాఢంగా నిద్రపట్టింది.

ఏదో తగిలినట్టయి కళ్ళు తెరిచినాను. నా ముక్కు కింద వేలు.

చేపల వాసన వేస్తోంది కాబట్టి యముడు కాదని వెంటనే తెలిసింది. ఆదిశేషమ్మ! తలమీద చుట్టకుదురు ఉంది గానీ గంప లేదు. దారిలో పడేసి పరుగెత్తుకొచ్చిందట. ఒగరుస్తోంది.

"బతికుండావా అక్కా?"

"వేలు తియ్యి. తుమ్మొస్తాంది."

"నీ చుక్క తెల్లగా ఉండాదే! నెలన్నరనుంచి రోజూ పసుపుగా ఉండేదే! ఈ పొద్దు తెల్లగా ఉండాదే!" అని నా చాప మీదే కూలబడి ఏడ్చింది.

విన్నావా తల్లీ? తెల్లారగట్ల చేపలకని పాక దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె నా చుక్కను చూసుకుని పోతోంది. పసుపుగా ఉంటే నిన్న సాయంత్రం నేను వచ్చి ముట్టుకున్నట్టు. అంటే బతికున్నట్టు. బెన్హర్ సారు ఉపయోగం లేదన్న రంగు అది.

"మరి ఈడ్చడం దేనికి?" అని అడిగినాను.

"ఊరికే. చూసినాక అట్నే వొదిలిపెట్టి పోబుద్ధి కాలా. మా ఇంటి పక్కకి తెచ్చి కాసేపు పెట్టుకుంటా. వేలు తీస్తే పోతాది, ముండ చుక్క."

"ఎడమచేత్తోనా?"

"కుడిచేత్తో గంప పట్టుకుంటే ఇంక మిగిలేది ఏ చెయ్యే?"

నలభై రెండేళ్ళు ఆమె ఆ గంప మోస్తుంటే చూసినాను, నాకు తట్టలేదు. నేను సాయంత్రం లాగుతున్నానని చెప్పినాను. ఆమె లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది. నేను నవ్వితే, "నవ్వబాక. నా ముక్కు జోలికొస్తే మళ్ళీ పోతా" అంది. ఆ మధ్యాహ్నమే చాప తెచ్చేసుకుంది. అవతల పొయ్యిలో ఏడుగురు ఆరుగురైనారు. పెంచలకృష్ణ మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ వాడి పెళ్ళాం చాప ఒక కొస పట్టుకుని సాయం వచ్చింది.

ముత్యాలయ్య ఇంటికి ఇద్దరమూ పోయి వాళ్ళావిడ ముందే క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన ఒక్క మాటే అన్నాడు: "ఇంకోసారి నలుగుర్లో చుక్క మాటెత్తొద్దు తల్లీ." ఆ మేక ఆయనదే. ఎనిమిదో నంబరు దాని ఇల్లు.

ఇప్పుడు నాకు కొత్త దిగులు. ఆగస్టు ఒకటినుంచి ముప్పై దాకా లెక్కపెడితే నెల సరిగ్గా సరిపోతుంది, ఒక్కరోజు కూడా మిగలదు. మధ్యలో గొడవపడితే నా చుక్క మళ్ళీ మూలకే. అందుకని రాత్రిళ్ళు చేతులు రెండూ దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. ఊపిరి వినబడుతోందా అని చెవి మాత్రం అటు పెడుతున్నాను. చెవి పెట్టొద్దని ఆమె అనలేదు.

పసుపు రంగు మళ్ళీ పెట్టించు. మాకోసం కాదు, మేము ఒకే చాప మీద ఉన్నాము. ఊళ్ళో ఇంకా ఎవరెవరు ఎవరి చుక్కలు చూసుకుంటున్నారో మీకేం తెలుసు? ఎవరి వేలు ఎందుకు పడిందో తెలియదని నువ్వే రాసినావు. తెలియనప్పుడు తీసెయ్యకూడదు కదా.

ఇట్లు,
మస్తానమ్మ.
(ఆదిశేషమ్మ వేలిముద్ర పక్కన ఉంది. ఎడమచేతిదే. నమోదు చేసుకో.)

తా.క. లెక్కరోజున ముఖేష్‌ను పంపి నువ్వు అక్కడే కూర్చోవద్దు. వచ్చిన చుట్టాలను లెక్కలో రాయరని ముఖేష్ అప్పుడే చెప్పినాడు. రాయకపోతే పోనీ. మూడో గ్లాసు కడిగి బోర్లించి పెట్టినాను. పొద్దున బస్సుకు దొరవారిసత్రం దిగితే ఆదిశేషమ్మ గంప పక్కనే నిలబడి ఉంటుంది, నువ్వు తెలియకపోయినా ఎడమచెయ్యి ఊపుతుంది. ఆ రోజు క్యారియరు వద్దని ముందే చెప్పెయ్యి. ఆగస్టు ముప్పై, ఆదివారం.